ట్యూబ్‌లైటు పట్టీ వెనకాల ఏముంది?

పండగ ముందు రంగులు వేయించిన ఇల్లు. హాల్లో పాత ట్యూబ్‌లైటు రెండు కొసలూ నల్లబడ్డాయి. స్టార్టరు టిక్కుటిక్కుమని నాలుగైదుసార్లు కొట్టుకుంటే గానీ వెలగడం లేదు. నాలుగడుగుల ఎల్ఈడీ పట్టీ కొని తేవడం అయిపోయింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "రేపొస్తా సార్" అన్నాడు. ఆ రేపు ఇది మూడోసారి. రెండు స్క్రూలు, రెండు వైర్లు, ఇంతేగా అనుకుని ఎవరో ఒకరు స్టూలెక్కుతారు. పాత పట్టీ కిందికి దిగాక చూస్తే గోడలోంచి రెండు కాదు, నాలుగు వైర్లు వచ్చి ఉంటాయి. రెండు ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి ఒకప్పుడు ఏదో రంగులో ఉండి ఇప్పుడు ఏ రంగో చెప్పలేనిది. ఎర్రవి రెండూ మెలేసి టేపు చుట్టి ఉంటాయి. టేపు జిగురు కారి, దాని మీద ఏళ్ళ దుమ్ము.

లైటు మార్చడం చిన్న పనా పెద్ద పనా అనేది పట్టీ విప్పకముందు తెలియదు. వచ్చిన చిక్కంతా ఇదే. కొత్త ఎల్ఈడీ పట్టీలో ప్రమాదమేమీ లేదు, ఉంటే అది గోడలోంచి వచ్చిన వైర్లలో ఉంటుంది. అందుకే "ఈ పని సొంతంగా చేయొచ్చా" అన్న ప్రశ్నకు జవాబు మనిషి నేర్పును బట్టి కంటే, మూత తీశాక కనిపించినదాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది.

చట్టం కూడా ఈ గీతను దాదాపు ఇక్కడే గీసింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ప్రకారం ఇంట్లో వైరింగ్ పని, మార్పులు, మరమ్మతులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. అయితే బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, చిన్న గృహోపకరణాలు, ఫిట్టింగులు మార్చడానికి మినహాయింపు ఇచ్చింది. దానికో షరతు ఉంది. ఆ మార్పు వల్ల ఇంటి వైరింగ్ సామర్థ్యం గానీ స్వభావం గానీ ఏ రకంగానూ మారకూడదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లోకీ ఇదే మాట వచ్చి చేరింది. అరవై డెబ్బై ఏళ్ళ కిందటి ఆ వాక్యం ఇప్పటికీ పనికొస్తుంది. ఉన్న చోట ఉన్నలాంటిదే పెడితే ఇంటివాళ్ళ పని. పాయింటు జరిపినా, కొత్తది లాగినా, మోయాల్సిన బరువు మారినా, తడి తగిలే చోటికి లైటు వెళ్ళినా అది వైరింగ్ పని.

సామర్థ్యం సంగతి ఎల్ఈడీలు వచ్చాక చాలావరకు తేలిపోయింది. 40 వాట్ల పాత ట్యూబ్‌లైటు రాగి చోక్ తినేదానితో కలిపి 50 వాట్లు దాటేది. అంత వెలుగే ఇచ్చే ఎల్ఈడీ పట్టీకి 20 వాట్లు చాలు. ఒక లైట్ల సర్క్యూట్ మీద 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదన్నది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న లెక్క. పది పాత ట్యూబ్‌లైట్లు ఉన్న సర్క్యూట్ ఇప్పుడు 200 వాట్లకు దిగింది. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఉజాలా పథకం కిందే దేశమంతా కలిపి 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు ఇళ్ళకు చేరాయి. వీటిలో అత్యధికం ఏ ఎలక్ట్రీషియనూ రాకుండానే హోల్డర్లకెక్కాయి. బల్బు మార్చడం దాకా అందులో తప్పు లేదు. హోల్డర్నో పట్టీనో విప్పేటప్పుడే లెక్క వేరు.

విప్పేముందు కరెంటు ఆపాలని అందరికీ తెలుసు. ఎలా ఆపాలన్న దగ్గరే ఎక్కువ ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది.

ముందు స్విచ్. స్విచ్ ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు) మీద ఉండాలి, అప్పుడు ఆపితే లైటు దాకా కరెంటు రాదు. చాలా ఇళ్ళలో, ముఖ్యంగా వరసగా మేస్త్రీలు మారుతూ కట్టిన ఇళ్ళలో, ఏదో ఒక స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) మీద పడి ఉంటుంది. అక్కడ స్విచ్ ఆపితే లైటు ఆరిపోతుంది, కానీ హోల్డర్లో 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. లైటు ఆరింది కదా అని చేయి పెట్టినవాడికి షాక్ తగులుతుంది. వైరింగ్ మొదట్లో సరిగ్గా చేసిన ఇంటికి కూడా దీన్నుంచి పూర్తి హామీ లేదు. గాలివానకు సర్వీసు వైరు తెగి, స్తంభం దగ్గర తిరిగి కలిపేటప్పుడు ఫేజు, న్యూట్రలు తారుమారైతే ఆ రోజు నుంచి ఇంట్లోని స్విచ్చులన్నీ ఒక్కసారిగా న్యూట్రల్ మీదికి వెళ్ళిపోతాయి. లైట్లు ఎప్పటిలాగే వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

విచిత్రమేమిటంటే ఈ తప్పును ఎల్ఈడీలే బయటపెడుతున్నాయి. స్విచ్ ఆపాక కూడా బల్బు మిణుకుమిణుకుమంటూ సన్నగా వెలుగుతోందని, కొత్త బల్బు నాసిరకమని షాపుకు తిప్పి పంపేవాళ్ళు ఎక్కువ. స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే బల్బులోని సర్క్యూట్ గుండా కొద్దిపాటి కరెంటు ఎటో ఒకటి దారి చూసుకుంటుంది. పాత ఫిలమెంటు బల్బును ఎర్రబరచడానికి కూడా అది చాలేది కాదు, ఎల్ఈడీకి చాలు. స్విచ్‌లో ఎర్రటి ఇండికేటర్ ఉన్నా, స్విచ్ నుంచి లైటుకు వైరు బాగా పొడవున్నా ఇలాగే జరగొచ్చు, వాటితో ముప్పు లేదు. స్విచ్ ఆపి, హోల్డర్ పిన్నుల దగ్గర టెస్టర్ పెడితే కారణం ఏదో తెలిసిపోతుంది. టెస్టర్ గట్టిగా వెలిగితే ఆ స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నట్టే. ఒక్క స్విచ్ అయితే బోర్డులో సరిచేయించుకోవాలి. అన్నీ అలాగే ఉంటే మీటరు దగ్గరో స్తంభం దగ్గరో తిరగబడిందన్నమాట.

స్విచ్ తర్వాత ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్. లైట్ల సర్క్యూట్‌కి మామూలుగా పెట్టేది ఒక్క ఫేజ్‌ని ఆపే ఎంసీబీ. పైన చెప్పిన తారుమారు జరిగిన ఇంట్లో అదీ న్యూట్రల్‌నే ఆపుతుంది. రెండు వైర్లనూ ఒకేసారి కోసేది మెయిన్ స్విచ్. పాత ఇళ్ళలో ఎంసీబీకి బదులు పింగాణీ కట్‌అవుట్లు జంటగా ఉంటాయి. వాటిలో ఒక ఫ్యూజు పీకితే చాలదు, రెండూ పీకి జేబులో వేసుకోవాలి. జేబులో ఎందుకంటే, పనిలో ఉండగా ఇంట్లోవాళ్ళు "కరెంటు పోయిందేంటి" అని వచ్చి పెట్టేయకుండా.

మెయిన్ ఆపడం ఒక్కటే సరిపోని ఇళ్ళు ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళు అవి. కోతల కాలం నుంచి తెలుగు ఇళ్ళలో ఇన్వర్టర్ మామూలైపోయింది, దాని మీద ఉండేవి సరిగ్గా లైట్లూ ఫ్యాన్లే. మెయిన్ కిందికి దించగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని, క్షణంలో బ్యాటరీ నుంచి అదే 220, 230 వోల్టులు అదే లైట్లకు పంపుతుంది. ఫ్రిజ్ ఆగింది, టీవీ ఆగింది, మార్చాల్సిన లైటు మాత్రం బతికే ఉంది. పోనీ ఇన్వర్టర్ ముందున్న మీట ఒక్కటే ఆపితే? చాలా మోడళ్ళలో ఆ మీట బ్యాటరీ నుంచి వచ్చే సరఫరానే ఆపుతుంది, బయటి కరెంటు దాని గుండా యథాప్రకారం లైట్లకు పోతూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి. మెయినూ దించాలి, ఇన్వర్టరూ ఆపాలి. ఇంటిమీద బ్యాటరీతో కూడిన సోలార్ ఉంటే దాన్నీ ఆపాలి.

ఇవన్నీ అయ్యాక టెస్టర్. పది రూపాయల స్క్రూడ్రైవర్ టెస్టర్ మీద అతి నమ్మకం మంచిది కాదు, అలాగని అది లేకుండా మూత తీయడం ఇంకా చెడ్డది. కరెంటు ఆపకముందు, బతికున్న పాయింటులో అది వెలుగుతోందా లేదా చూసుకోవాలి. ఆపాక లైటు దగ్గర అన్ని వైర్లనూ చూడాలి, ఒక్కటే చూసి ఊరుకోకూడదు. తర్వాత మళ్ళీ బతికున్న చోట ఒకసారి చూసుకోవాలి, మధ్యలో టెస్టరే పాడైపోయి ఉండొచ్చు. ఎండిన చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడి పట్టపగలు టెస్టర్ పెడితే దాని దీపం కనీకనబడకుండా వెలుగుతుంది. వెలగలేదనుకుని చేయి పెట్టేవాళ్ళు ఉన్నారు. కాస్త చేయి అడ్డం పెట్టి చీకటి చేసి చూడాలి.

ఇక పట్టీ. చోక్, స్టార్టరు ఉన్న పాత సెట్టంతా దించేసి ఎల్ఈడీ పట్టీ బిగించడం తేలిక, ఎందుకంటే కొత్తదానికి కావలసింది ఫేజు, న్యూట్రలు మాత్రమే. చిక్కు వచ్చేది పాత సెట్టును ఉంచి అందులో ఎల్ఈడీ ట్యూబు ఒక్కటే దూర్చాలనుకున్నప్పుడు. ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి ఫేజు, న్యూట్రలు రెండూ ఒకే కొసన ఇవ్వాలి, కొన్నింటికి చెరో కొసన. డబ్బా మీద బొమ్మ వేసి ఉంటుంది. కొన్ని ట్యూబులు రాగి చోక్ ఉన్నా పనిచేస్తాయి, కాకపోతే పాత స్టార్టరు తీసి దాంతోపాటు వచ్చిన డమ్మీ స్టార్టరు పెట్టాలి. కొన్నింటికి చోక్‌ని పూర్తిగా తప్పించి వైర్లు నేరుగా కలపాలి. బొమ్మ చూడకుండా "రెండు పిన్నులేగా" అని పెడితే అదృష్టం బాగుంటే వెలగదు, బాగోకపోతే ఫట్‌మంటుంది. చెరో కొసన కరెంటు తీసుకునే రకంలో ఇంకో మెలిక ఉంది. కరెంటు ఆపకుండా ఒక కొస హోల్డర్లో పెడితే, రెండో కొస పిన్నులు చేతిలో ఉండగానే వాటికి కరెంటు రావచ్చు. నిజానికి పాత సెట్టుకు ఇన్ని తంటాలు అనవసరం. చోక్ బరువు, తుప్పు పట్టిన రేకు, సడలిన హోల్డర్లు, వీటన్నిటినీ దించేసి కొత్త పట్టీ పెట్టుకోవడమే మేలు.

కొత్త పట్టీలోంచి వచ్చే వైర్ల రంగులు ఇంకో తలనొప్పి. మన వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. ఇప్పుడు షాపుల్లో దొరికే చాలా లైట్ల నుంచి వచ్చేవి గోధుమరంగు, నీలం. వాటిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు. అంటే గోడలో ఫేజు అయిన రంగు లైటులో న్యూట్రలు అవుతుంది. అమెరికాలో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడ ఇంట్లో లైట్లు తామే మార్చుకునే అలవాటున్నవాళ్ళు సెలవులకు ఊరొచ్చి ఉత్సాహంగా స్టూలెక్కితే మరో గండం. అక్కడ నలుపు ఫేజు, తెలుపు న్యూట్రలు. ఇక్కడి నలుపుకు అర్థం సరిగ్గా తలకిందులు. వాళ్ళు మోజుపడి తెచ్చే టేబుల్ ల్యాంపులూ అంతే. వాటి బల్బు 120 వోల్టులది, మర కూడా మన మర హోల్డర్‌కి ఇంచుమించు సరిపోతుంది, వేసిన క్షణంలో పోతుంది. రంగులు ఎవరు ఏం వేసినా గోడలో వైరు రంగును నమ్మకుండా టెస్టర్‌తో తేల్చుకోవడమే దారి. మేస్త్రీ దగ్గర ఆ రోజు నల్ల చుట్ట అయిపోతే ఎర్రదే వాడేసి ఉంటాడు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన నాలుగు వైర్లు. మెలేసి ఉన్న రెండు ఎర్రవీ ఎక్కువగా లూపు అయి ఉంటాయి. ఒకటి ఈ లైటుకు వచ్చింది, రెండోది ఇక్కడి నుంచి పక్క గదికో వరండాకో పోతోంది. కొత్త పట్టీకి ఒక్కటే కలిపి రెండోదాన్ని వదిలేస్తే ఆ రాత్రి వరండా లైటు వెలగదు. అందుకే విప్పకముందు ఫోన్లో ఫొటో తీసుకుని, ఏది దేనితో కలిసి ఉందో అలాగే మళ్ళీ కలపాలి. మెలేసి టేపు చుట్టడం కాకుండా కనెక్టరు వాడటం మంచిది, టేపు ఎండకు, వేడికి జారిపోతుంది. ఇంతవరకూ ఇంటిపనే. కానీ మెలేసినచోట వైరు తొడుగు కమిలి గట్టిబడి, వంచితే పెళుసుగా పొడిపొడిగా రాలితే పని అక్కడితో ఆపేయాలి. అలాగే వైరు కొస గీకితే రాగి రంగు కాకుండా తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, పాత ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. దాన్ని రాగి వైరుతో మెలేస్తే కొన్నాళ్ళకు కలిపినచోట పట్టు సడలి వేడెక్కుతుంది, కాలిన వాసన ముందు వచ్చేది అక్కడి నుంచే.

నాలుగో వైరు, ఆ రంగు పోయినది, ఎర్తు కావచ్చు, కాకపోవచ్చు. ఎర్తే అయినా బోర్డు వైపు కొస ఎక్కడా కలపకుండా గాల్లో వదిలేసిన ఇళ్ళు కొల్లలు. ప్లాస్టిక్ ఒళ్ళున్న పట్టీకి ఎర్తు లేకపోయినా నడుస్తుంది. ఇనుముతో చేసిన వేలాడే దీపాలు, గేటు లైట్లు, అద్దం పైన పెట్టే లైట్లు అలా కాదు, వాటికి ఎర్తు తప్పనిసరి. ప్లాస్టిక్ లైటు తీసి లోహం లైటు పెట్టడమంటే చూడ్డానికి మార్పిడే గానీ, చట్టం చెప్పిన స్వభావం మారే సందర్భం ఇదే. ఆ పాయింటుకు నిజంగా పనిచేసే ఎర్తు ఉందో లేదో స్క్రూడ్రైవర్ టెస్టర్ చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ దగ్గర చూపించుకోవాలి.

మర హోల్డర్లతోనూ కాస్త జాగ్రత్త. మన పిన్ను బల్బులకు రెండు పిన్నుల్లో ఏది ఫేజైనా ఒకటే. మర బల్బుకు అలా కుదరదు. ఫేజు హోల్డర్ అడుగున ఉన్న మధ్య నాలుకకు, న్యూట్రలు చుట్టూ ఉన్న మరకు రావాలి. తిరగేస్తే బల్బు తిప్పే చేతికి తగిలే లోహమే ఫేజు అవుతుంది.

బరువు మాటకొస్తే, జిప్సం ఫాల్స్ సీలింగ్ తన బరువు తానే మోస్తుంది, జూమర్ని (వేలాడే పెద్ద దీపాల గుత్తిని) మోయదు. పైన స్లాబులోంచి కొక్కెం దించి దానికే వేలాడదీయాలి. ఫాల్స్ సీలింగ్‌లోని గుండ్రటి లైట్లు ఆరిపోతే మాత్రం చాలాసార్లు లైటు చెడిపోయి ఉండదు, పైన దాని వెంట ఉన్న డ్రైవరే (లైటుకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే చిన్న పెట్టె) పోయి ఉంటుంది. అదే వాట్లు, అదే మిల్లీ ఆంపియర్లు రాసున్న డ్రైవర్ తెచ్చి మార్చుకోవచ్చు. డ్రైవర్ తీసేసి లైటుకు నేరుగా కరెంటు ఇచ్చే ప్రయోగం మాత్రం చేయకూడదు. అలా చేతికందిన రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేసి చూస్తే ఎలుకలు కొరికిన వైర్లు కనబడటం కూడా మామూలే.

వరండా, గేటు, బాత్‌రూమ్ లైట్లది వేరే కథ. బయటి హోల్డరు మూత తీస్తే లోపల కందిరీగ మట్టితో కట్టిన గూడు, చచ్చిన బల్లి, చీమల బారు, పచ్చగా చిలుము పట్టిన రాగి కొసలు కనబడతాయి. ఎండిన మట్టి పొడిగా ఉన్నన్నాళ్ళు ఊరుకుంటుంది, వాన జల్లు పడి తడిసిందా, ఫేజు నుంచి ఇనుప గేటు దాకా దారి వేస్తుంది. ఇలాంటిచోట హోల్డర్ ఒక్కటి మార్చి ఊరుకోవడం కంటే నీళ్ళు దూరని రకం లైటును, వెనక వైరుతో సహా వేయించుకోవడం ఉత్తమం.

ఎలక్ట్రీషియన్‌ని పిలవక తప్పని సూచనలు కొన్ని లైటులో కాక ఇల్లంతా కనబడతాయి. స్విచ్ బోర్డు వెచ్చగా ఉండటం, మాడిన వాసన, కొత్త లైటు పెట్టగానే ఎంసీబీ పడిపోవడం, వానాకాలంలో గోడ ముట్టుకుంటే జివ్వుమనడం. ఆఖరిది కనబడిన పూట మెయిన్ ఆపి కూర్చోవాలి. ఆర్సీసీబీ (కరెంటు పక్కదారి పడితే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇళ్ళలో ఒక తమాషా జరుగుతుంది. లైట్ల ఎంసీబీ దించి పనిచేస్తుండగా నల్లవైరు, పచ్చవైరు ఒకదానికొకటి తగలగానే ఇల్లంతా చీకటైపోతుంది. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, ఆ పెట్టె తన పని తాను చేసిందంతే. దాన్ని విసుగుపడి తీసేయించేవాళ్ళ మీద మాత్రం కోపం వస్తుంది.

ఒక గదిలో లైట్లు మసకబారి, ఇంకో గదిలో మరీ ప్రకాశంగా వెలుగుతుంటే అది లైట్ల జబ్బు కాదు, త్రీఫేజు ఇంటికి న్యూట్రల్ తెగిన లక్షణం. కొద్ది నిమిషాల్లో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. మెయిన్ దించి 1912కి ఫోన్ చేయాలి. మీటరు, దాని సీలు, సర్వీసు వైరు, స్తంభం లైన్‌మన్ చేతిలోవి, వాటిని ఇంటి ఎలక్ట్రీషియన్ కూడా ముట్టకూడదు.

వచ్చే ఎలక్ట్రీషియన్ పర్మిట్ ఉన్నవాడా అని అడగడం మన దగ్గర మొహమాటం. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వైర్‌మన్ పర్మిట్లు ఇస్తుంది, అడిగితే తప్పేమీ లేదు. పర్మిట్ ఉన్నా లేకున్నా పనిని చూస్తే మనిషి తెలుస్తాడు. స్టూలెక్కే ముందు "ఇన్వర్టర్ ఎక్కడ?" అని అడిగినవాడికి పని అప్పగించొచ్చు. లైటు మాత్రమే మార్చి పంపకుండా, వచ్చాడు కాబట్టి ఇంట్లో ఏయే స్విచ్చులు న్యూట్రల్ మీద ఉన్నాయో చూడమనాలి. పాతికా ముప్ఫై నిమిషాల పని. అతను వెళ్ళేలోపు డీబీ (ఎంసీబీలుండే పెట్టె) తలుపు లోపలివైపు మార్కర్‌తో ఏ ఎంసీబీ దేనిదో రాయించుకోవాలి. హాలు లైట్ల ఎదురుగా "ఇన్వర్టర్ కూడా ఆపాలి" అని కాస్త పెద్ద అక్షరాలతో.